నూరుసార్లు రాసిన వదిన, కథలల్లిన మరదలు

ఆ వీధిలో వాళ్ళ అసలు పేర్లు ఉత్తరాలు పంచే మనిషికి తప్ప ఎవరికీ తెలియవు. గుడ్డ కత్తిరించే ఆవిడ కత్తెరమ్మ, కుట్టే ఆవిడ సూదమ్మ. కత్తెరమ్మ సూదమ్మ మొగుడికి అక్క. అంటే ఇద్దరూ వదినా మరదళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకే బల్లకు చెరో పక్కన ఇన్నేళ్ళుగా పనిచేస్తున్నారంటే జనానికి నమ్మకం కుదరదు. "ఎప్పుడూ పోట్లాడుకోరా?" అని అడుగుతుంటారు. "ఒకరి చేతిలో కత్తెర, ఒకరి చేతిలో సూది. ఎవరి భయం వాళ్ళకుంది" అనేవాడు సూదమ్మ మొగుడు. ఆయనది అదే ఇంటి ముందుగదిలో గడియారాలు బాగుచేసే కొట్టు. గోడనిండా గడియారాలున్నా భోజనానికి ఏనాడూ వేళకు లేచిన మనిషి కాదు.

సూదమ్మకు మాటలు తక్కువ. తక్కువంటే పైకి తక్కువ. లోపల మాత్రం పొద్దున్న లేచింది మొదలు ఒక ప్రవాహం నడుస్తూనే ఉంటుంది. ఎదుటి మనిషి నడక, ముక్కు చీదే తీరు, అబద్ధం చెప్పబోయే ముందు మెడ సవరించుకోవడం, అన్నీ ఆమె లోపల ఎక్కడో మడతపెట్టి దాచుకుంటుంది. ఆ దాచుకున్న సరుకు జపాను భాష నేర్చుకోవడానికి పనికొస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

జపాను భాష వాళ్ళింటికి పాతకాగితాల కొట్టు దారిన వచ్చింది. నమూనా గీసుకోవడానికి పెద్ద కాగితాలు కావాలని వెళ్ళిన సూదమ్మకు అక్కడ ఒక కట్ట కుట్టుపని పత్రికలు కనిపించాయి. బొమ్మలు చూసి ఆమె అక్కడే చతికిలబడిపోయింది. ఆ కుచ్చెళ్ళేమిటి, ఆ జేబులు పక్క కుట్టులో కలిసిపోవడమేమిటి! పక్కనే గీతలతో నమూనాలు. గీతలు ఏ భాషలోనైనా గీతలే గదా అన్న ధైర్యంతో ఇద్దరూ మొదటి పేజీలోని ఒక అందమైన టోపీ కుట్టారు. లోపల దూది, పైన బొత్తం, రెండు పక్కలా చెవులకు చీలికలు. సూదమ్మ మొగుడు దాన్ని చలికాలమంతా పెట్టుకు తిరిగాడు. వెచ్చగా ఉందని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా. తీరా చూస్తే అది మనిషికి టోపీ కాదు, టీ చల్లారకుండా కూజా మీద కప్పే ముసుగు. ఆ చీలికలు కూజా పిడికీ ముక్కుకీ.

ఆ సంగతి చెప్పి వాళ్ళ పరువు తీసినవాడు జపాను మాస్టారు. ఒకప్పుడు ఓడల కంపెనీలో గుమాస్తాగా చేసి, రేవుల్లో ఆ భాష పట్టుకుని, వయసు మళ్ళాక గ్రంథాలయం మేడమీద గదిలో ఆదివారాలు నేర్పుతున్నాడు. టోపీ చూసి ఆయన నవ్విన నవ్వుకు కత్తెరమ్మకు రోషం వచ్చింది. "నేర్చుకుందాం పద, మరదలా. ఇంకోసారి ఎవరూ మనల్ని చూసి నవ్వకూడదు" అని ఆ పూటే ఇద్దరి పేర్లూ రాయించేసింది.

ఆ భాషలో తేలికైన అక్షరాలు రెండు వరసలున్నాయి. అవి ఇద్దరికీ తొందరగానే పట్టుబడ్డాయి. ఆ తరవాత వచ్చిందండీ అసలు సముద్రం. కంజి అంటారు వాటిని. ఒక్కో అక్షరం ఒక్కో బొమ్మ, ఒక్కో బొమ్మకు ఒక అర్థం. అలాంటివి వేలకు వేలు. వాటిని నేర్చుకునే దారి ఏమిటన్న దగ్గరే వదినకూ మరదలికీ దారులు చీలాయి.

కత్తెరమ్మది చేతి దారి. ఏ అక్షరమైనా నూరుసార్లు రాయాల్సిందే. నమూనా కాగితాల వెనక, క్యాలెండరు వెనక, ఆఖరికి బల్ల మీద సుద్దతో కూడా రాసేది. "చేతికి అలవాటైతే బుర్రతో పనిలేదు. నేను కాలరు కత్తిరించేటప్పుడు ఆలోచిస్తానా?" అనేది. నిజం చెప్పాలంటే ఆమె రాత చూసి మాస్టారే ముచ్చటపడేవాడు. ఒక్క చిక్కల్లా, రాసిన అక్షరాన్ని చూపించి అర్థమేమిటంటే ఆమె చెయ్యి మళ్ళీ గాల్లో రాయడం మొదలుపెట్టేది. చేతికి తెలుసు పాపం. చెయ్యి మాట్లాడదు గదా.

సూదమ్మది కథల దారి. ఒక అక్షరంలో కప్పు కింద పంది ఉంటుంది. దానికి అర్థం ఇల్లు. మామూలువాళ్ళకు అది విడ్డూరంగా ఉంటుంది గానీ, మధ్యాహ్నం భోంచేసి కొట్టు వెనక చాప మీద గురక పెట్టే మొగుణ్ణి ఇన్నేళ్ళుగా చూస్తున్న ఆడదానికి అందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఏముంది? మనిషి చెట్టుకు ఆనుకుంటే విశ్రాంతి. అదీ ఆయనే, చెట్టుకు బదులు గుమ్మం. ఇలా అక్షరానికో కథ అల్లుకుంటే సూదిలో దారం ఎక్కినట్టు ఎక్కేది.

"ఏమిటీ, నేను పందినా?" అన్నాడు మొగుడు, మొదటిసారి ఆ సంగతి విన్నప్పుడు.

"ఇల్లు మీదే గదండీ. మీరు లేకపోతే వట్టి కప్పేగా" అంది సూదమ్మ తలెత్తకుండా.

ఆయన కాసేపు ఆలోచించి, అది పొగడ్తే అని నిర్ణయించుకుని వెళ్ళిపోయాడు.

ఆయనకూ ఒక పద్ధతి ఉంది. నేర్చుకునేది లేదు, క్లాసు మెట్లెక్కింది లేదు, అయినా ఉంది. "ముందు ముక్కలు నేర్చుకోండర్రా. గడియారం విప్పితే ఏముంటుంది? పది రకాల చక్రాలు. అవి తెలిస్తే ఏ గడియారమైనా ఒకటే." ఇది చెప్పడానికి చేతిలో పని అక్కడే వదిలేసి వచ్చేవాడు. అక్కడ ఎవరి గడియారమో పొట్ట విప్పుకుని పడుండేది. వాదన ఇంట్లో మొదలై, ఆదివారం గ్రంథాలయం మెట్లెక్కి, సగం క్లాసు తినేసి దిగేది. ఎవరిది ఒప్పో చెప్పమని మాస్టారిని నిలదీస్తే ఆయన కళ్ళజోడు తుడుచుకునేవాడు. "మీరు వాదించుకున్న వేళలో ఓ పేజీ చదివి ఉంటే ఈపాటికి మీకే తెలిసేది" అనేవాడు. ఆ మాటకు ఇద్దరూ తలలూపి, మెట్లు దిగుతూ అందులో ఆయన ఎవరి పక్షమో మళ్ళీ వాదించుకునేవారు.

కత్తెరమ్మ కథల్ని వెక్కిరించేది గానీ, వినడం మాత్రం మానేది కాదు. ముఖ్యంగా తమ్ముడి మీదవైతే మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"అవునే, అందరి మీదా అల్లావు. నా మీద ఒక్కటీ లేదా?"

"అయ్యో, మీరు పెద్దవారు వదినా. మీ మీద అల్లుతానా?"

"అదీ మర్యాదంటే" అని కత్తెరమ్మ తమ్ముడి వైపు చూసి మెడ నిక్కించింది. "చూశావురా? నీకే లేదు ఆ గౌరవం."

సూదమ్మ తల వంచుకుని కాజా కుట్టుకుంది. అసలు సంగతేమిటంటే ఆమెకు వచ్చిన అక్షరాల్లో సగానికి సగం వదినే. వదిన లేకపోతే సూదమ్మకు జపాను భాష లేదు.

ఇదిలా నడుస్తుండగా పాటల టీచరుగారు గుడ్డ పట్టుకొచ్చింది. పిల్లలకు పాటలు నేర్పే బడిలో ఆవిడకు అది ఆఖరి సంవత్సరం. చివరిగా ఒకసారి పెద్ద హాల్లో పాడి సెలవు తీసుకుంటుంది. ఆ గుడ్డ వాళ్ళమ్మగారు ఎప్పుడో కోటు కుట్టించుకుందామని కొని, కుట్టించుకోకుండానే పోయిందట. ముదురాకుపచ్చ ఉన్ని, పిల్లి వీపులా మెత్తగా ఉంది. నేసిన మిల్లు మూతబడి ఏళ్ళయింది. జానెడు ముక్క కావాలన్నా ఇంకెక్కడా దొరకదు.

టీచరుగారు పత్రికలన్నీ తిరగేసి, వెడల్పాటి కాలరుతో వదులుగా ఉన్న ఒక కోటు మీద వేలు పెట్టింది. "ఇదే కావాలి. నేను చేతులు బాగా పైకెత్తి పాడతాను. పట్టెయ్యకూడదు" అంది. వెళ్ళేటప్పుడు గుడ్డను ఒకసారి నిమిరి, "జాగ్రత్తమ్మా" అంది. అంతే. బెదిరించి వెళ్ళినా అంత భయం వేసేది కాదు.

నమూనా పెద్దది చేసి గీశారు. కాగితం ముక్కలు గుడ్డ మీద పరిచారు. అప్పుడు మొదలైంది గొడవ. ముక్కలు ఉన్నవి ఉన్నట్టు కత్తిరిస్తే కాలరు ఒకే ముక్కగా వస్తుంది. కుట్లకు చుట్టూ మార్జిన్ వదిలి కత్తిరిస్తే కాలరుకు గుడ్డ చాలదు, వీపు దగ్గర అతుకు వెయ్యాలి. నమూనాలోనే మార్జిన్ ఉందా లేదా అన్నది తేలాలి. లేదని తెలియక అలాగే కత్తిరిస్తే, కుట్లకు పోయిన మేరా కోటు బిగుతైపోతుంది. బొమ్మ కింద ఒక వాక్యం ఉంది. మొదట కుట్టు మార్జిన్ అని ఇద్దరికీ తెలుసు. చివర లేదు అని ఇద్దరికీ తెలుసు. మధ్యలో ఉందొక కంజి.

"దీనికి అర్థం కావాలి అని. కావాలి, లేదు. అంటే అక్కర్లేదు. మార్జిన్ వదలక్కర్లేదు, నమూనాలోనే ఉంది" అంది కత్తెరమ్మ.

సూదమ్మ చప్పున తలెత్తింది. "కాదు వదినా. దానర్థం ఇమిడి ఉండటం. ఇమిడి లేదు అంటున్నాడు. మనమే వదలాలి."

"ఇది నేను నూరుసార్లు రాశాను."

"రాశారు వదినా, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. అతుకేసిన కాలరు నా చేతిమీదుగా బయటికి పోయిందా ఎప్పుడైనా?"

చేతిలో ఫోను పట్టుకుని లోకంలో దేన్నైనా అడిగే రోజులు కావవి. నిఘంటువు మాస్టారి దగ్గర ఒక్కటే ఉంది, ఆయన అది సంచిలో వేసుకుని తన తమ్ముడి ఊరు వెళ్ళాడు. పాత దుప్పటితో కుట్టి చూడలేకపోయారా అంటారేమో. చూశారు. దుప్పటి పలచన, ఉన్ని మందం. దుప్పటి ఒప్పుకున్నది ఉన్ని ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. పైగా వదులు కోటు, ఆ వదులు ఎంతో కొలతల్లో దొరకదు.

కత్తెరమ్మ గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకుని, కత్తెర తెరిచి, గుడ్డ అంచుకు ఆనించింది. అక్కడ ఆగింది. మొండిది గానీ మూర్ఖురాలు కాదు.

"సరే. నీ అక్షరాలన్నిటికీ కథలుంటాయిగా. దీనిది చెప్పు. కథ గట్టిగా ఉంటే నీ మాటే వింటా" అంది సూదుల సందులోంచి.

ఆ కథ సూదమ్మ దగ్గర ఉంది. ఉండటమేమిటి, ఆమెకు వచ్చిన కథలన్నిట్లోకీ గట్టిది అదే.

"కథ... గుర్తులేదు వదినా."

"కథ గుర్తులేదు గానీ అర్థం గుర్తుందా? అయితే నీ పద్ధతి దండగ. నా పద్ధతే నయం. కత్తిరిస్తున్నా."

ముందుగదిలోంచి మొగుడు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, "చెప్పవోయ్. నన్ను పందిని చేసినప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు?" అన్నాడు.

సూదమ్మ గుడ్డ వైపు చూసింది. వదిన వైపు చూసింది. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మిషను తొక్కడం నేర్పింది ఈ వదినే. వేలికి సూది దిగితే ఏడవకుండా ఎలా లాగాలో చూపించిందీ ఈ వదినే. చెబితే ఆ మొహం ఎలా మాడిపోతుందో ఆమెకు ముందే కనిపిస్తోంది. చెప్పకపోతే చేతులెత్తి పాడుతున్న టీచరుగారి చంకల కింద వాళ్ళమ్మగారి గుడ్డ పర్రుమనడం వినిపిస్తోంది. కత్తెర కదిలింది.

"ఆగండి వదినా! చెబుతా."

చెప్పింది. గుడ్డకేసి చూస్తూ, ఒక్కో మాటా సూదితో పైకి తీస్తున్నట్టు చెప్పింది.

"ఆ అక్షరంలో పైన ఇప్పుడు అనే గుర్తు ఉంటుంది. కింద నోరు ఉంటుంది. మీకు తీపి తగ్గించమని డాక్టరు చెప్పాడు గదా. మీరు మానేశానని మాకందరికీ చెప్పారు. కానీ ఆ అలమరలో బిస్కెట్ల డబ్బా మూత చప్పుడవుతుంది. నేను తిరిగి చూసేసరికి మీరు సూదులు పట్టుకున్నట్టు నోరు మూసుకుని పని చేసుకుంటూ ఉంటారు. ఏదైనా అడిగితే ఊఁ అంటారు, నోరు తెరవరు. ఎందుకంటే ఇప్పుడే నోట్లో పడింది. పైకేమీ కనబడదు. లోపల ఉంటుంది. అదే వదినా... ఇమిడి ఉండటం."

ముందుగది గడియారాలు ఒకదానికొకటి పొత్తు లేకుండా కొట్టుకుంటున్నాయి.

"అంటే... ఆ బిస్కెట్లు..." అన్నాడు మొగుడు మెల్లిగా. "నేను ఎలుకలనుకుని బోను పెట్టానే! రోజూ అందులో కొబ్బరిముక్క మారుస్తున్నానే!"

"నువ్వెళ్ళి నీ గడియారం చూసుకోరా" అంది కత్తెరమ్మ.

ఆయన వెళ్ళలేదు. అలాంటి పూట ఎవరు వెళతారు?

కత్తెరమ్మ పెదవుల మధ్యనుంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. ఎప్పుడూ లేనంత నెమ్మదిగా గుచ్చింది. సూదమ్మ మిషను ముందున్న పీట మీద కూలబడింది.

"ఎప్పట్నించీ తెలుసు నీకు?"

"మొదట్నించీ."

"వీడికి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్పొద్దనుకున్నారు గదా."

కత్తెరమ్మ కత్తెర పక్కన పెట్టి సుద్ద అందుకుంది. కాగితం ముక్కల చుట్టూ వేలెడు ఎడంలో గీత గీయడం మొదలుపెట్టింది. కాలరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నిట్టూర్చి, మధ్యలో అతుకు గీత గీసేసింది. తరవాత మళ్ళీ కత్తెర తీసుకుని, గుడ్డ మీదికి వంగి, అటు తిరిగే అడిగింది.

"నా మీద ఇంకెన్ని ఉన్నాయి?"

"వదినా, వదిలెయ్యండి..."

"చెప్పు. కత్తిరింపు అయ్యేదాకా చెబుతూ ఉండు. నువ్వు ఆపితే నా చెయ్యి ఆగుతుంది, తరవాత నీ ఇష్టం."

ఇంక తప్పలేదు. తలుపు మధ్య చెవి పెడితే వినడం అని చెప్పింది. అది ఎవరి తలుపో, ఎవరి చెవో కత్తెరమ్మ అడగలేదు. కోటు చేతి ముక్క కత్తిరించింది. నోట్లో ఇంకో నోరు ఉన్నట్టుండే అక్షరానికి తిరగడం అని అర్థమని చెప్పింది సూదమ్మ. చెప్పిందే తిప్పి తిప్పి చెప్పేవాళ్ళను తలుచుకుంటే చాలునంది. మొగుడు గుమ్మం పట్టుకుని పడీ పడీ నవ్వాడు. "నవ్వరా నవ్వు. పందికి నవ్వొస్తోంది" అంది కత్తెరమ్మ. కత్తెర మాత్రం ఆగలేదు. వీపు ముక్క వచ్చింది, ముందు ముక్కలు వచ్చాయి. పోనుపోను సూదమ్మకే హుషారు పుట్టి, అడగనివి కూడా చెప్పడం మొదలుపెట్టింది.

చివరికి కాలరు మిగిలింది.

"ఇంకొకటుంది వదినా. కప్పు కింద ఒక ఆడమనిషి. దానికి అర్థం నెమ్మది. గుండె కుదుటపడటం."

"ఎవరా ఆడమనిషి?"

సూదమ్మ మెడ సవరించుకుంది.

కత్తెర ఆగిపోయింది. కత్తెరమ్మ వెనక్కి తిరిగి మరదల్ని ఎగాదిగా చూసింది. "ఇది ఇప్పుడు అల్లావు. నన్ను మంచి చేసుకోవడానికి" అంది.

సూదమ్మ వంగి కింద పడ్డ పేలికలు ఏరుకోసాగింది. కత్తెరమ్మ ముక్కు ఎగబీల్చి కాలరు కత్తిరించేసింది.

కోటు తయారైంది. ఆ మధ్యలో మాస్టారు ఊరినుంచి వచ్చాడు. కత్తెరమ్మ ఆయన చేత నిఘంటువు తెరిపించి చూసుకుని మూసేసింది. ఇంటికొచ్చాక మాత్రం, "నూరు చాలలేదు. ఇంకో యాభై రాసి ఉంటే వచ్చేది" అంది. కథల దారి మంచిదని ఆమె నోటివెంట ఎవరూ వినలేదు.

పాటరోజు ఇద్దరికీ ముందు వరసలో చోటు దొరికింది. టీచరుగారు వేదిక మీదికి వచ్చింది. ముదురాకుపచ్చ కోటు దీపాల వెలుగులో మెరిసింది. హాలంతా నిశ్శబ్దమైంది. పాట అందుకుంది, మెల్లిగా, కింది స్వరాల్లో. సూదమ్మ ఎడమ చంక వైపు చూస్తోంది. కత్తెరమ్మ కుడి చంక వైపు చూస్తోంది. పాట ఎక్కుతున్నకొద్దీ టీచరుగారి చేతులు నడుం దాటాయి, భుజాలు దాటాయి. కత్తెరమ్మ మరదలి ముంజెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగుతున్నా సూదమ్మ చెయ్యి లాక్కోలేదు. చేతులు ఇంకా పైకి, తలపైకి వెళ్ళాయి. కుట్టు బిగిసింది. నిలబడింది.

వెనకనుంచి జనం లేచి చప్పట్లు కొడుతుంటే వీళ్ళిద్దరూ అలాగే కూర్చుండిపోయారు.

ఇంటికి రాగానే, "పాట ఎలా పాడిందే?" అని అడిగాడు సూదమ్మ మొగుడు.

వదినా మరదలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కుడి పక్క బాగా పాడింది" అంది కత్తెరమ్మ.

"ఎడమ పక్క కూడా" అంది సూదమ్మ.